మచ్చ లేని పొద్దులు

నేను చెప్తున్న, నా మనుమరాలు రాస్తున్నది. నాకు సంతకం వస్తది, గంతే. మాటమాటకు "అమ్మమ్మా, గిట్ల కాదు, గట్ల రాయాలె" అని ఆగుతున్నది. నేను పలికినట్టే రాయి బిడ్డా, సదువుకున్నోళ్ల మాటలు సదువుకున్నోళ్లు రాసుకుంటరు అని చెప్పిన.

గిది అంగన్‌వాడీల కొత్తగ చేరిన ఆడపిల్లల కోసం. వాళ్లు మొన్న మా అరుగు మీద కూసోని ముచ్చట పెట్టుకుంటుండిరి. ఎవలో పిల్లగాని వీపు మీద దెబ్బలు చూసిండ్రట. అది తల్లేనా, మనిషేనా అని ఒకామె అన్నది. తల్లి పిల్లను ఎందుకు కొడ్తది అని ఇంకొకామె అడిగింది. నేను ఇంట్ల ఉండి ఇన్న.

నేను సుత ఒకప్పుడు గదే అడిగిన. గని నా కొలువుల నాకు దొరికిన మాట వేరే. గా తల్లే కొన్ని పొద్దులు ఎందుకు కొట్టదు? గిది అడగాలె. గీ మాట చెవుల జొచ్చిన చీమ లెక్క శాన దినాలు నా లోపల తిరిగింది. అది ఎట్ల బయటికి వచ్చిందో చెప్త, ఇనుండ్రి.

మందమర్రి దిక్కు బొగ్గుబాయి కాడ నేను ఆయా కొలువు చేసిన. మా ఆయన జెరం వచ్చి పోయినంక ఇచ్చిండ్రు. రెండు దిక్కులు కలిసి ఆంధ్రప్రదేశ్ అయి అప్పటికి కొన్నేండ్లు. మొగోళ్లు బాయిలకు దిగేటోళ్లు, ఆడోళ్లు మీద బొగ్గుల కలిసిన రాయి ఏరేటోళ్లు. వాళ్ల పిల్లల కోసం బాయి పక్కపొంటి పిల్లల గది ఉండె. పొద్దుగాల తల్లులు పిల్లలను దించి పోంగనే మేము ఇంటి బట్టలు ఇప్పి, నీళ్లు పోసి, గది గౌన్లు తొడిగి, పాలు తాపేది. నీళ్లు పోసుడు నా పని. పిల్లకు మాటలు రాకున్నా ఒళ్లు చెప్తది. ఎవలింట్ల దోమలు ఎక్కువ, ఎవలింట్ల నూనె లేదు, ఎవలకు జెరం వచ్చి పోయింది, అన్నీ నా చేతులకు తెలిసేది.

నాతోని ఇంకో ఆయా ఉండె. బోథ్ దిక్కు మనిషి, నా కన్న పెద్దది. సగం మరాఠి, సగం తెలుగు. ఆడమనిషి ఎవలు కనబడ్డా "అగ బాయీ" అనేది. వాళ్ల దిక్కు బాయి అంటే అమ్మా అన్నట్టు. మా దిక్కు బాయి అంటే బొగ్గుబాయి, లేకుంటే నీళ్లబాయి.

"నన్ను బాయి అనకు. నేనేమన్న గుంతనా?" అని నేను.

"గుంతవే. ఎన్ని రొట్టెలు ఏసినా నిండవు" అని ఆమె.

ఏది అడిగినా ముందుగాల "నకో" అనేది. వద్దని. చాయ్ తాగుతవా అంటే నకో అనుకుంటనే గ్లాసు పట్టేది. ఆమె మొగడు ఎన్నడో చాందా దిక్కు పనికని పోయి మల్ల రాలే. ఆమె బొట్టు మాత్రం రూపాయి బిళ్లంత. "చచ్చిండని ఖబరు వచ్చిందా? రాలే గదా. నేను ముత్తైదువనే" అని ఎవలు అడగకున్నా చెప్పేది.

మా మీద ఒక సిస్టరమ్మ. కృష్ణా దిక్కు నుంచి వచ్చిన నర్సు. పెండ్లి కాలే, గంజి పెట్టిన తెల్ల చీరె, నడిస్తే చప్పుడు. మనిషి కఠినం, గని గది అద్దం లెక్క ఉంచింది. ఆమె మాట మాకు సగం సినిమా మాట లెక్క అనిపించేది, మా మాట ఆమెకు ఏమనిపించేదో దేవునికెరుక.

ఇగ గా పిల్ల. రెండేండ్లు నిండని ఆడపిల్ల, ఉంగరాల ఎంటికలు. నీళ్లు పోస్తుంటే లోటను పట్టుకోని ఇడ్వకపోయేది. ఒకనాడు తొడ లోపలి దిక్కు నీలంగ మచ్చలు కనబడ్డయి. అవి దోమ మచ్చలు కావు, పడ్డ దెబ్బలు కావు. తొడపాశం పెట్టిన మచ్చలు. రెండు ఏళ్లతోని గిచ్చి తిప్పితే అట్లనే వస్తయి. కొన్ని దినాలు ఏం లేకుండె. మల్ల వచ్చినయి, ఈసారి వీపు మీద సుత ఏళ్ల అచ్చులు.

తల్లి మంచిదే, కష్టం చేసేది. వేములవాడ దిక్కు మగ్గం నేసేటోళ్ల బిడ్డ. అక్కడికి సడక్ పనికి వచ్చిన పోరన్ని మనసు పడి చేసుకున్నది. ఆ పిల్లగానోళ్లు మిషనోళ్ల ఏసు గుడికి పోయేటోళ్లు. ఆ గుళ్లెనే ప్రార్థన చేసి పెండ్లి చేసిండ్రు. ఈమె బాపు మగ్గం గుంతల కూసోనే, తల ఎత్తకుంట, "మా గడప తొక్కకు" అన్నడట. ఆ పిల్లగానికి బాయిల బొగ్గు నింపే పని దొరికింది, గట్ల మందమర్రికి వచ్చిండ్రు.

మచ్చల సంగతి మీద మాకు తలా ఒక మాట.

"కల్లు. మొగడు తాగొచ్చి దాన్ని కొడ్తడు, అది పిల్లను కొడ్తది" అన్నది బోథ్ ఆమె.

వాడు తాగడని నాకెరుక. వాళ్ల గుళ్లె ఊకోరు.

"కోపిష్ఠి మనిషి. కొందరి స్వభావమే అంత" అన్నది సిస్టరమ్మ.

స్వభావమైతే రోజూ ఉండాలె గదా? నాకు గది సమజ్ కాలే. ఉప్పు ఒకనాడు ఉప్పగుండి ఒకనాడు సప్పగుంటదా? నేను జూసుడు మొదలు పెట్టిన. వాని షిఫ్టు జూసిన, కలువలే. ఎండ జూసిన, వాన జూసిన, పిల్ల జెరం జూసిన. ఏదీ కలువలే.

ఎట్ల దొరికిందంటే, నవ్వుతరు. బోథ్ ఆమె తన అన్న ఇంటికి పత్తి ఏరనీకె అప్పుడప్పుడు సెలవు పెట్టి పోయేది. ఆమె లేనప్పుడు నీళ్లు పోసుడు, తుడుసుడు రెండూ నా మీదనే పడేది. పిల్లను ఒక చేత్తోని ఎత్తి పట్టి, ఇంకో చేత్తోని తువ్వాల అందుకుంటుంటే నడుము నొచ్చేది, ఆమెను తిట్టుకునేది. ఒకసారి గట్లనే తిట్టుకుంట ఆ పిల్ల తొడ మీద మచ్చ జూసిన. చెయ్యి ఆగిపోయింది. పోయినసారి మచ్చ చూసిన్నాడు సుత నేనొక్కదాన్నే తుడుస్తుంటి. అంతకు ముందుసారి సుత. ఆమె నా పక్కకు తువ్వాల పట్టుకోని నిలబడ్డ పొద్దు నేను మచ్చ జూసిన యాది ఒక్కటి లేదు.

ఆమె తిరిగొచ్చినంక చెప్పిన. "పిల్ల మచ్చలకు కారణం నువ్వేనే బాయీ."

ఆమె చేతుల తువ్వాల కింద ఏసింది. "నేనా! నా చేతులు పడిపోను, నేనెన్నడన్న ఏ పిల్లనన్న గిచ్చిన్నా? నీ నోట్లె మన్ను పడ!"

"ఇను. నువ్వు ఉంటే మచ్చలు లేవు. నువ్వు పోతే వస్తున్నయి. వాళ్లది నీ పక్క ఇల్లే గదా. ఆడికి పోయి నువ్వేం చేస్తవు?"

"ఏం చేస్త? నాకు ఇసుర్రాయి లేదు. వాళ్ల దాని మీద నా జొన్నలు ఇసురుకుంట. ఆ పోరి ఓ దిక్కు పట్టుకుంటది. పిల్ల ఏడిస్తే నేను ఒళ్లె ఏసుకుంట. ఆ పోరిని నాలుగు తిడ్త. రొట్టె ఒత్తుడు రాదు దానికి, గట్క కాసుడు రాదు, దున్నపోతు. గంతే."

"గంతేనా?"

"ఇంకేం జేస్తరే ఎవలన్న?"

నేను సిస్టరమ్మకు చెప్పిన. ఆమె, "అంటే ఇంట్లో పెద్దదిక్కు లేదన్నమాట. ఆయన తల్లిని పిలిపించండి" అన్నది. మాకు సుత సబబుగనే అనిపించింది. అత్త వస్తే పిల్లను ఎత్తుకుంటది, పొయ్యి కాడ కూసుంటది, ఇంట్ల ఒక మనిషి ఉంటది. ముగ్గురం ఒక్క మాట మీద నిలబడి ఊరికి కబురు పంపినం. మా తెలివికి మేమే మురిసినం.

అత్త వచ్చింది. సన్నటి ముసలిది, మొగడు పోయినామె. పొద్దు మాపు ప్రార్థన చేసేది. చెడ్డదా అంటే కాదు. గని ఆమె వచ్చిన వారానికే మచ్చలు ఎక్కువైనయి. తొడ మీద, జబ్బ మీద, చెంప మీద సుత.

మాకు మతి పోయింది. మనిషి లేకుంటే మచ్చలు, మనిషి వస్తే ఇంకిన్ని మచ్చలు. నేను బోథ్ ఆమెను అడిగిన, "నువ్వు జూస్తలేవా పక్కింట్ల ఉండి?"

"నేను పోతనే లేను."

"ఎందుకు?"

"అత్త ఉన్న ఇంట్ల పక్కింటిదానికి ఏం పనే? పోతే ఆమె ఏమనుకుంటది? కోడలికి చాడీలు చెప్పనీకె వచ్చింది అనుకోదా? నా జొన్నలు గిర్నీల పట్టిస్తున్న."

మా దిక్కు గంతే. అత్త గడపల ఉన్నదంటే పక్కింటామె గడప అవతలనే. ఎవలూ చెప్పరు, ఎవలూ తప్పరు. ఒక ఆసరాను తెచ్చినమని ఇంకో ఆసరాను మేమే ఎళ్లగొట్టినం. నేను బాయి గడ్డ మీద కూసోని గీ మాట తలుసుకోని ఒక్కదాన్నే నవ్విన. ఆ నవ్వు ఎక్కువ దినాలు లేకుండె.

ఒక పొద్దుగాల అంగి ఇప్పుతుంటే పిల్ల కీసుమన్నది. కుడి మణికట్టు ఉబ్బి ఉన్నది. లోట పట్టుకోలే. దావఖానకు తీస్కపోయినం. బొక్క ఇరగలే, బెణికిందని కట్టు కట్టిండ్రు. సిస్టరమ్మ మొఖం ఎర్రగయింది.

"ఇక చాలు. కరీంనగర్ వైపు అనాథ పిల్లల ఆశ్రమం ఉంది, అక్కడికి రాస్తాను. వచ్చే వారం బండిలో పంపించేస్తాం. పిల్ల బతికుండాలి ముందు."

తిండి వేళకు తల్లి వచ్చింది. మొఖమంత బొగ్గు, చేతులు బొగ్గు. సిస్టరమ్మ నిలబెట్టి చెప్పింది. ఏడుస్తదనుకున్నం, కాళ్లు పట్టుకుంటదనుకున్నం. అది పిల్ల కట్టు దిక్కు జూసి, మెల్లగ అడిగింది, "ఆడ ఆయాలు మంచోళ్లేనా?"

సిస్టరమ్మ కిటికీ దిక్కు తిరిగింది.

నేను ఆ పోరిని బయట మెట్ల మీద కూసోబెట్టి నీళ్లిచ్చిన. తిట్టాలని నోటిదాక వచ్చింది. గని లోపల చీమ తిరుగుతున్నది గదా. అడిగిన.

"బోథ్ ఆమె మీ ఇంటికి వచ్చిన పొద్దు నువ్వు పిల్లను కొట్టకపోతివి. ఎందుకు?"

అది నా దిక్కు ఇంతగనం కండ్లు ఏసుకోని జూసింది. దానికి సుత తెల్వదు ఆ సంగతి. ఎవలూ అడగలే దాన్ని ఆ మాట. నీళ్ల గ్లాసు కింద పెట్టి అన్నది:

"ఆమె నన్ను తిడ్తది గదా."

"తిడితే?"

"మా అవ్వ తిట్టినట్టు తిడ్తది. దున్నపోతు అంటది. అనుకుంట అనుకుంటనే పిల్లను నా చేతులకెల్లి గుంజుకుంటది. నేను గప్పుడు రాయి పట్టుకోని ఊకె ఇసురుత. మనసు నిమ్మళమైతది."

"మీ అత్త తిట్టదా?"

"అత్త తిట్టదు. పిల్ల ఏడిస్తే పైకి జూసి ప్రార్థన చేస్తది. ఒడి ఖాళీగ వచ్చింది, తల్లిగారోళ్లు పిడికెడు బియ్యం పోసినోళ్లు లేరు, దీనికి పెంచుడు ఎట్ల వస్తది ప్రభువా అని. పిల్ల ఏడ్సినప్పుడల్ల నాకు గదే ఇనబడ్తది. జల్ది నోరు మూయించాలని చెయ్యి లేస్తది అవ్వా. నిన్న గట్లనే గుంజిన."

గిదీ సంగతి. మీరు చిన్నోళ్లు, మీకు ఒడిబియ్యం అంటే ఫొటోలు దిగుడు. మాకు గట్ల కాదు. పెండ్లయిన ఆడపిల్లను తల్లిగారోళ్లు పీట మీద కూసోబెట్టి, కొంగు ఒడి పట్టుమని, పసుపు బియ్యం దోసిళ్లతోని పోస్తరు. కుడుకలు, పోకలు, రవికె బట్ట పెడ్తరు. దాని అర్థం, నువ్వు మా ఇంట్లకెల్లి పోలే, నీ యెనుక మేమున్నం అని. ఒకసారి పోస్తే ఊకుండరాదు, ఏండ్లు తిరిగినప్పుడల్ల మల్ల పొయ్యాలె. ఆ పోరికి ఎన్నడూ ఎవలూ పోయలే.

నేను లోపలికి పోయి గిదంత చెప్పిన. సిస్టరమ్మ ఇన్నది.

"మా వైపు చలిమిడి పెడతారు పుట్టింటివాళ్ళు" అన్నది, తనలో తను అనుకున్నట్టు. మల్ల గట్టిగ, "సరే, ఆమె బాధ అర్థమైంది. పిల్లకి పూచీ ఎవరు? మళ్ళీ ఇలా జరగదని ఆమె తరఫున ఎవరు నిలబడతారు?"

"నేనున్న" అన్నది బోథ్ ఆమె. ఆమె నకో అనకుంట మాట మొదలు పెట్టుడు నేను గప్పుడే ఇన్న.

"మీరేమవుతారు ఆమెకి?"

"తల్లిగారోళ్లం."

"ఎప్పటినుంచి?"

"గిప్పటి సంది."

"ఇలా నోటితో అంటే చుట్టాలైపోతారా?"

"నోటితోని కాదు సిస్టరమ్మా, బియ్యంతోని ఐతరు."

సిస్టరమ్మ నవ్వలే. "ఈసారి ఒక్క మచ్చ కనబడినా నేను ఆగను. ఆ బండి ఎప్పుడైనా ఎక్కిస్తాను" అన్నది.

ఆదివారం పిల్లల గదికి సెలవు. ఆ వరండల్నే పీట ఏసినం. బాయి ఇండ్ల లైన్ల ఉండే ఆడోళ్లు తలా గిన్నెడు బియ్యం తెచ్చిండ్రు. పసుపు కలిపి రాశి పోస్తే పచ్చగ మెరిసింది. గని పోసుడు ముత్తైదువల చేతులతోని. నేను ముండమోసినదాన్ని, గోడకు ఒరిగి నిలబడ్డ. అత్త సుత నా లెక్కనే, నా పక్కకు వచ్చి నిలబడ్డది. బోథ్ ఆమె ముందుకు నడుస్తుంటే ఒకామె గునిసింది, "నీ మొగడు ఉన్నడో లేడో, నువ్వెట్ల పోస్తవు?"

"చచ్చిండని ఖబరు నీకు వచ్చిందా? తే, చూపియ్యి!" అన్నది. వరండ అంత నవ్వు. పీట మీద కూసున్న పోరి సుత నవ్వింది, నవ్వుకుంట ఒడి పట్టింది.

మొదటి దోసిలి పడ్డది. బోథ్ ఆమె పోసుకుంట తిడ్తనే ఉన్నది. "కొంగు సక్కగ పట్టు దున్నపోతా, బియ్యం కింద పడ్తున్నయి! రొట్టె ఒత్తుడు రాదు, ఒడి పట్టుడు సుత రాదు!" ఆ పోరి కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి, తుడుసుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

నా పక్కకు అత్త గోడ దిక్కు జూసుకుంట అన్నది, "నాకు మా అన్నలు ఒక్కసారి పోసిండ్రు. మొగడు పోయినంక మల్ల ఎవలూ తొంగి చూడలే." నేను ఆమె దిక్కు జర జరిగిన. ఇద్దరం ఒకదిక్కే నిలబడ్డం గదా, ఇంకేమనాలె.

"మీ గుళ్లె ఏమన్న అంటరా గిట్ల చేస్తే?" అని అడిగిన.

"అన్నమే గదా. ప్రార్థన చేసి తింటం" అన్నది. ఆ బియ్యం వండి అందరికి పెట్టినప్పుడు ముందుగాల కండ్లు మూసుకున్నది ఆమెనే. మిగిలిన పసుపు బియ్యం కొంగుల కట్టుకోని, నాలుగు దినాలకు ఊరికి పోయింది. పోయేముందు బోథ్ ఆమె ఇంటి ముందట ఆగి, "జర చూసుకో" అన్నది. ఆ ఒక్క మాటతోని గడప తెరుసుకున్నది.

ఆ తర్వాత మచ్చలు మాయమైనయా అంటే, అబద్ధం చెప్ప. ఒకనాడు ఆ పోరి పిల్లను నా చేతికిచ్చి, నేను అంగి ఇప్పకముందే చెప్పింది. "అవ్వా, వీపు మీద సూడు. నిన్న ఒకటి ఏసిన. ఏసి పక్కింటికి ఉరికిన." సూసిన. ఎర్రగ జరంత ఉండె, నీళ్లు పోస్తుంటనే పోయింది. సిస్టరమ్మ మా ఎనుకనే నిలబడి అంత ఇన్నది. బండి మాట ఎత్తలే. "ఉరికావా? మంచిపని చేశావు" అని లోపలికి పోయింది.

నా భయం అది కాదు. పత్తి ఏరే దినాలు మల్ల వస్తున్నయి. బోథ్ ఆమె పోతది. ఆమె పోయినప్పుడే గదా మచ్చలు వచ్చేది. సిస్టరమ్మ సుత మరువలే. సెలవు అడిగిన పొద్దు ఆమె దిక్కు ఊకె జూసింది.

"నేనొక్కదాన్నే పోతున్ననా?" అన్నది బోథ్ ఆమె. "ఒడిబియ్యం పోసుకున్న బిడ్డ తల్లిగారింటికి రాదా? పత్తి ఏరదా? మా అన్న బండి కట్టుకోని బస్సు కాడికి వస్తుండు."

తల్లి, పిల్ల, ఆమె, ముగ్గురు మోటరెక్కి పోయిండ్రు. ఆ పోరి నెత్తికి నూనె పెట్టి, జడల పువ్వు పెట్టుకోని, ఎదురువడ్డోళ్లందరికి "తల్లిగారింటికి పోతున్న" అని చెప్పుకుంట పోయింది. పుట్టినంక మొదటిసారి ఆ మాట అనుడు.

వాళ్లు తిరిగొచ్చిన పొద్దుగాల సిస్టరమ్మ నాకన్న ముందుగాల నీళ్ల కాడ నిలబడ్డది. బోథ్ ఆమె తువ్వాల పట్టుకోని పక్కకు. నేను పిల్ల అంగి ఇప్పిన. తొడలు జూసిన, వీపు జూసిన, జబ్బలు తిప్పి జూసిన. ముల్లు గీరిన గీతలున్నయి, దోమ మచ్చలున్నయి, కడుపు జర ముందుకు వచ్చింది, మంచిగ తిన్నది ఉంటది. ఏళ్ల అచ్చు ఎక్కడా లేదు. సిస్టరమ్మ ఊపిరి ఇడిసింది, నాకు ఇనబడ్డది.

లోట ముంచి నెత్తి మీద పోయవోతుంటే పిల్ల రెండు చేతులతోని నా చెయ్యి పట్టుకున్నది. ఎనుకటికి కట్టు కట్టిన చెయ్యి సుత గట్టిగనే పట్టింది. నా మొఖం దిక్కు జూసి గుర్రుమన్నది:

"నకో బాయీ! నకో!"